కారును చల్లబరచిన వాయువు

వేసవిలో ఎండలో నిలిపియుంచిన మోటారుకారు తలుపు తీయగానే లోపలి వేడి ముఖమునకు కొట్టును. అద్దములగుండా లోనికి వచ్చిన సూర్యకాంతిని సీట్లు, ముందుపలక గ్రహించి వేడెక్కును. వాటినుండి వెలువడు పరారుణ కిరణములను గాజు సులభముగా బయటకు పోనీయదు. వేడిగాలికిని పోవుటకు దారి ఉండదు. అందువలన గంటలోపలనే కారు లోపలి గాలి బయటి గాలికంటె 20 డిగ్రీల సెంటిగ్రేడు అధికముగా వేడెక్కగలదు.

ఈ వేడిని బయటకు తోడివేయు యంత్రము నేడు చిన్నకార్లలో సహితము కలదు. దాని చరిత్ర యంత్రభాగముల చరిత్ర మాత్రమే కాదు. దాని గొట్టములలో తిరుగు వాయువు చరిత్రయు అందులో కలసియున్నది. ఆ వాయువు కారులోని మనిషికి హాని చేయునా అని శాస్త్రజ్ఞులు మొదటనే పరీక్షించిరి. కారునుండి కారిపోయిన తరువాత అది ఎక్కడికి పోవునను ప్రశ్న తలయెత్తుటకు మాత్రము 40 ఏండ్లకు పైగా పట్టినది.

శీతలదేశములలో పుట్టిన మోటారుకారుకు మొదట కావలసివచ్చినది చల్లదనము కాదు, వెచ్చదనము. వెచ్చదనము కారులో దాదాపు ఉచితముగా లభించును. ఇంజనులో మండిన పెట్రోలు శక్తిలో అధికభాగము వేడిగా మారి వృథాగా పోవుచుండును. తొలిరోజులలో ఇంజను పొగగొట్టము చుట్టును గాలిని పోనిచ్చి, వేడెక్కిన ఆ గాలిని లోనికి మళ్ళించెడివారు. గొట్టమునకు చిన్న పగులు పడినచో విషవాయువగు కార్బన్ మోనాక్సైడు లోనికి వచ్చు ప్రమాదముండెడిది. ఇంజనును చల్లబరచు నీరే వేడెక్కి తిరుగుచుండును గనుక, ఆ వేడినీటిని చిన్న రేడియేటరుగుండా పంపి, దానిమీదుగా గాలిని విసరుట ఇంతకంటె క్షేమకరమైన పద్ధతి. 1938లో అమెరికాలోని నాష్ కంపెనీ బయటి గాలిని వడగట్టి, ఈ విధముగా వెచ్చజేసి లోనికి పంపు ఏర్పాటును ప్రవేశపెట్టెను. లోపలి గాలి పీడనము కొంచెము హెచ్చుగా ఉండుటచే సందులలోనుండి చలిగాలి, దుమ్ము లోనికి రాకుండెను. నేటి కార్లలోని హీటరు సూత్రమును ఇదియే.

చల్లబరచుట ఇంత సులభము కాదు. వేడి తనంతట తాను చల్లని చోటినుండి వేడి చోటికి పోదు. దానిని పంపుటకు పని చేయవలెను. ఇందుకు ఉపకరించు సూత్రమును ఏ విద్యార్థియైనను పరీక్షింపవచ్చును. అరచేతిమీద రెండు చుక్కలు స్పిరిటు వేసినచో అది ఆవిరియగుచు చేతిని చల్లబరచును. ద్రవము ఆవిరిగా మారుటకు కావలసిన గుప్తోష్ణమును చేతినుండి గ్రహించుటయే కారణము. స్కాట్లండు దేశీయుడగు విలియం కల్లెన్ 18వ శతాబ్ది మధ్యలో ఈథరును శూన్యములో ఆవిరి చేయించి నీటిని గడ్డకట్టించెను. ఆవిరియైనదానిని వృథాగా పోనీయక, మరల అదిమి ద్రవముగా మార్చి తిరిగి వాడు యంత్రమునకు 1834లో జేకబ్ పెర్కిన్సు పేటెంటు పొందెను.

కారులోని యంత్రమును ఇట్టిదే. ఇంజను బెల్టుచే తిరుగు కంప్రెసరు వాయువును అదుమగా, దాని పీడనమును ఉష్ణోగ్రతయు పెరుగును. ఈ వేడి వాయువు కారు ముందుభాగమునగల కండెన్సరులో ప్రవేశించి, బయటి గాలికి వేడినిచ్చి ద్రవమగును. అచటి పీడనము వాతావరణ పీడనమునకు సుమారు 15 రెట్లుండవచ్చును. పిదప ఆ ద్రవము ఎక్స్‌పాన్షన్ వాల్వు అను సన్నని రంధ్రముగుండా పోవగా పీడనము సుమారు 3 రెట్లకు పడిపోవును. అప్పుడది ఎవాపరేటరు అను గొట్టపుచుట్టలో మరగి ఆవిరియగుచు, దానిమీదుగా వీచు గాలినుండి వేడిని లాగుకొనును. గాలిలోని తేమయు ఆ చుట్టమీద నీరై కారును. చల్లగాలి వచ్చుచున్న కారు క్రింద బొట్లుబొట్లుగా పడు నీరిదియే. వానకాలములో అద్దములమీది మసక ఈ యంత్రముచే త్వరగా తొలగిపోవుటకును తేమ తగ్గుటయే కారణము.

ఇట్లు ఆవిరియగుచు మరల ద్రవమగుచు తిరుగు పదార్థమును శీతకము అందురు. 1920 ప్రాంతములలో శీతలయంత్రములలో వాడిన అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడు, మిథైల్ క్లోరైడు విషవాయువులు. ఇవి కారిన ఇండ్లలో మనుషులు మరణించిన సందర్భములు కలవు. మూసియున్న కారులో ఇట్టి వాయువును ఉంచుట ఊహింపరానిది. 1928లో అమెరికాలో థామస్ మిడ్జ్లీ, ఆల్బర్టు హెన్నె మున్నగువారు కార్బను, క్లోరిను, ఫ్లోరిను కలిసిన ఒక పదార్థమును సిద్ధపరచిరి. దీనికి ఫ్రియాన్-12 అని పేరు వచ్చెను. ఇది సున్నకు దిగువ 30 డిగ్రీల దగ్గర మరగును. మండదు, విషము కాదు, లోహమును తినదు. 1930లో మిడ్జ్లీ రసాయన శాస్త్రజ్ఞుల సభలో దానిని గుండెనిండ పీల్చి, మెల్లగా ఊది, వెలుగుచున్న క్రొవ్వొత్తిని ఆర్పి చూపెను. విషము కాదని, మండదని ఒక్క ఊపిరితో రుజువు చేసెను.

1939లో పాకార్డు కంపెనీ శీతలయంత్రము గల కారును షికాగో ప్రదర్శనములో ఉంచెను. యంత్రము వెల 274 డాలర్లు. ఎవాపరేటరు వెనుకనున్న సామానుల అరలో చాల చోటు ఆక్రమించెను. కంప్రెసరును ఆపుటకు మీట లేదు. చలికాలమున ఇంజను మూత తీసి బెల్టును ఊడదీయవలసివచ్చెడిది. 1941 తరువాత ఆ కంపెనీ దీనిని విరమించెను. 1953లో క్రైస్లరు మున్నగు కంపెనీలు మరల ప్రారంభించెను. 1954లో నాష్ కంపెనీ వేడిని, చల్లదనమును, గాలి మార్పును ఒకే ఏర్పాటులో కలిపి కారు ముందుభాగములోనే అమర్చెను. 1969 నాటికి అమెరికాలో తయారగు కొత్త కార్లలో సగమునకు పైగా చల్లబరచు యంత్రముండెను.

ఇండ్లలోని ఫ్రిజ్‌కును కారు యంత్రమునకును ఒక ముఖ్యభేదము కలదు. ఫ్రిజ్‌లో మోటారు, కంప్రెసరు ఒకే ఉక్కుడబ్బాలో బిగించి అతుకువేయబడి ఉండును. కారులో కంప్రెసరును బయటనున్న ఇంజను త్రిప్పవలెను గనుక దాని ఇరుసు డబ్బానుండి బయటకు రావలెను. ఇంజను అదురుచుండును గనుక రబ్బరు గొట్టములు తప్పవు. ఇరుసు చుట్టునుండి, రబ్బరునుండి, అతుకులనుండి వాయువు కొద్దికొద్దిగా కారుచుండును. కారినది విషము కాదు గనుక మరల నింపిరి. పాతవాయువును గాలిలోనికే వదలిరి.

ఈ చరిత్రలో సికింద్రాబాదునకును చోటు కలదు. 1960 దశకము మధ్యలో వీరభద్రన్ రామనాథన్ అను యువ ఇంజనీరు అచటి ఒక శీతలయంత్రముల కంపెనీలో పనిచేసెను. ఈ వాయువులు ఎందుకు కారిపోవుచున్నవో కనుగొనుట ఆయన పని. పిదప ఆయన అమెరికాకు పోయి వాతావరణ శాస్త్రజ్ఞుడయ్యెను.

1974లో మేరియో మొలీనా, షేర్వుడ్ రోలండు అను శాస్త్రజ్ఞులు తేలిక ప్రశ్నవలె తోచు కఠినప్రశ్నను వేసిరి: కారిపోయిన ఈ వాయువు చివరకు ఏమగును? అది వానలో కరగదు, దేనితోను కలియదు. ఏ స్థిరత్వమునకై దానిని ఎన్నుకొనిరో ఆ స్థిరత్వమే దానిని స్ట్రాటో ఆవరణము వరకు చేర్చును. అచట అతినీలలోహిత కిరణములచే విడిపోయి క్లోరిను పరమాణువును వెలువరించును. ఒక క్లోరిను పరమాణువు వేలకొలది ఓజోను అణువులను నాశనము చేయగలదు. మరుసటి ఏడు, అనగా 1975లో, రామనాథన్ మరొక సంగతిని వెల్లడించెను. ఈ వాయువు భూమి వేడిని పట్టియుంచుటలో, అణువునకు అణువు పోల్చిచూడగా, కార్బన్ డయాక్సైడుకంటె సుమారు 10,000 రెట్లు బలమైనది. సికింద్రాబాదులో ఆయన వెదకిన చిల్లులనుండి పోయిన వాయువే ఇది.

1985లో జోసెఫ్ ఫార్మన్, ఆయన సహచరులు దక్షిణధ్రువ ప్రాంతముపైన ఓజోను వసంతఋతువులో విపరీతముగా తగ్గుచున్నదని ప్రకటించిరి. 1987లో మాంట్రియల్ ఒప్పందము కుదిరెను. 1992లో భారతదేశము అందులో చేరెను. 1990 దశకమున కొత్త కార్లలో క్లోరిను లేని ఆర్-134ఎ అను శీతకము ఫ్రియాన్ స్థానములోనికి వచ్చెను. మొలీనా, రోలండులు, పాల్ క్రుట్జెన్‌తో కలిసి 1995లో నోబెల్ బహుమానము పొందిరి. ఓజోను క్రమముగా కోలుకొనుచున్నది.

కాని ఆర్-134ఎ ఓజోనును చెరపకున్నను భూమిని వేడెక్కించును. ఒక కిలోగ్రాము ఆర్-134ఎ వలన నూరేండ్లలో కలుగు ఫలితము సుమారు 1,400 కిలోగ్రాముల కార్బన్ డయాక్సైడుతో సమానము. 2016లో కిగాలీ నగరమున కుదిరిన సవరణ ప్రకారము ఇట్టి వాయువులను దేశములన్నియు తగ్గించవలెను. 2021లో భారతదేశము దీనిని ఆమోదించెను. 2032 నుండి దశలవారీగా, 2047 నాటికి 85 శాతము తగ్గించుట మన దేశపు గమ్యము. యూరపులో 2017 నుండి కొత్త కార్లన్నిటిలో ఆర్-134ఎ నిషిద్ధము. దాని స్థానములో ఎక్కువగా వాడబడుచున్న ఆర్-1234వైఎఫ్ గాలిలో కొద్దిదినములలోనే విచ్ఛిన్నమగును. కాని కొంచెము మండు గుణము దానికి కలదు. విచ్ఛిన్నమైనపుడు ఏర్పడు ట్రైఫ్లోరో అసిటిక్ ఆమ్లము నీటిలో చిరకాలము నిలుచును. ఈసారి ఆ ప్రశ్నను శాస్త్రజ్ఞులు ముందుగానే వేయుచున్నారు.

మన వీధులలో తిరుగు అనేక కార్లలో నేటికిని ఆర్-134ఎ ఉన్నది. ఒక్కొక్క కారులో సుమారు అర కిలోగ్రాము. మూసియున్న గొట్టములలో తిరుగు శీతకము పెట్రోలువలె ఖర్చయ్యెడిది కాదు. ఏటేట గ్యాసు నింపించవలసివచ్చుచున్నదనగా ఎక్కడనో చిల్లు ఉన్నదని అర్థము. మొదట ఆ చిల్లును మూయించి, లోపల మిగిలిన వాయువును గాలిలోనికి వదలక యంత్రముతో పట్టి తిరిగి వాడవలెను. కారిపోయిన వాయువు కంటికి కానరాకున్నను ఎక్కడికో ఒకచోటికి చేరకమానదు.