ధర్మరాజిక విహారం వెనుక ఒక వర్తక కుటుంబం

కలకత్తా కాలేజ్ స్క్వేర్ వద్ద శ్రీ ధర్మరాజిక చైత్య విహారం 1920 నవంబరు 20న ప్రారంభమైంది. అందులో ప్రతిష్ఠితమైన బుద్ధధాతువు మన భట్టిప్రోలు స్తూపంలో లభించినదే. విహార నిర్మాతగా అనగారిక ధర్మపాల (1864–1933) పేరు సుప్రసిద్ధం. అయితే ఆ మహనీయుడు సంపాదన విడిచి ఉద్యమానికి అంకితమైన తొలి సంవత్సరాలలో ఆయనను పోషించింది ఎవరు? ఈ ప్రశ్నకు సమాధానం సన్యాసుల చరిత్రలో కాక, ఒక వర్తకుని కుటుంబ చరిత్రలో దొరుకుతుంది. ఆ చరిత్రను ఇక్కడ సంగ్రహంగా పరిశీలిస్తున్నాము.

ఆ వర్తకుడు డాన్ కరోలిస్ హేవావితారణ. సింహళ ద్వీపపు దక్షిణ తీరాన ఉన్న మాతర ప్రాంతం ఆయన స్వస్థలం. కొలంబో చేరి కలప సామాను వ్యాపారం ప్రారంభించారు. 1860లో స్థాపితమైన ఆయన సంస్థ కుర్చీలను, బల్లలను విదేశాలకు ఎగుమతి చేసే స్థాయికి ఎదిగింది. భార్య మల్లిక కూడా వర్తకుని బిడ్డే. ఆమె తండ్రి ఆండ్రిస్ పెరీరా ధర్మగుణవర్ధన మాళిగాకందలో దానమిచ్చిన స్థలంలోనే 1873లో హిక్కడువే శ్రీ సుమంగళ స్థవిరులు విద్యోదయ పిరివేణను నెలకొల్పారు. అంటే మనుమడు ఉద్యమంలోకి అడుగిడక మునుపే ఆ ఇంట్లో వర్తక లాభం ధర్మకార్యానికి తరలడం అలవాటైన విషయం.

ఈ కుటుంబపు పేర్లలోనే నాటి పరిస్థితి కనిపిస్తుంది. తండ్రి డాన్ కరోలిస్. పెద్దకుమారుడు డాన్ డేవిడ్. ఇంట్లో బౌద్ధం, బయట పరాయి పేర్లు, మిషనరీ పాఠశాలలు. 1883లో కొలంబోలోని కోటహేనలో బౌద్ధుల ఊరేగింపుపై దాడి జరిగిన తరువాత తండ్రి కుమారుణ్ణి మిషనరీ పాఠశాల మాన్పించారు. ఆ కుమారుడే తరువాత ధర్మపాల అయ్యారు.

కుమారుడు ఇల్లు విడిచి బ్రహ్మచర్యం అవలంబిస్తానని కోరినప్పుడు తండ్రి వెంటనే సమ్మతించలేదు. పెద్దకొడుకు తమ్ముళ్ల భారం వహించాలని ఆయన ఆశించారు. వర్తక కుటుంబంలో జ్యేష్ఠుడు దుకాణం విడవడం చిన్న నష్టం కాదు. తుదకు ఆ కుటుంబం జ్యేష్ఠుణ్ణి వదులుకోవడమే కాక, ఆయన ఖర్చులు కూడా భరించింది. మహనీయుని త్యాగాన్ని కీర్తించేటప్పుడు ఈ రెండో త్యాగాన్ని మరువరాదని మా అభిప్రాయం.

1891 జనవరిలో ధర్మపాల బుద్ధగయను దర్శించి, అక్కడి దుస్థితికి చలించి, మే 31న కొలంబోలో మహాబోధి సభను స్థాపించారు. మరుసటి ఏడాది సభ కేంద్రం కలకత్తాకు మారింది. పత్రిక కూడా అక్కడే ప్రారంభమైంది. ఆ మహానగరంలో ఆయనకు ఆశ్రయమిచ్చినవారు నీలకమల్ ముఖర్జీ అనే దివ్యజ్ఞాన సమాజ సభ్యుడు. ఆ ఇంటితో మైత్రి జీవితాంతం కొనసాగింది. కొలంబో కుటుంబం పంపిన డబ్బు, కలకత్తా కుటుంబం పెట్టిన అన్నం, ఈ రెండే తొలినాటి ఉద్యమానికి మూలధనం.

1906లో డాన్ కరోలిస్ మరణించారు. ఆ లోటును పూరించింది 1893లో హొనలూలూ రేవులో ధర్మపాలకు పరిచయమైన మేరీ ఫాస్టర్. తమ్ముళ్లూ వెనుదీయలేదు. సైమన్ విడిచిపోయిన ధనంతో త్రిపిటక ముద్రణ సాగింది. వైద్యుడైన చార్లెస్ అన్నగారి కార్యాలలో తోడు నిలిచారు. ఎడ్మండ్ గతి మాత్రం విషాదం. 1915 సింహళ అల్లర్ల కాలంలో సైనిక న్యాయస్థానం ఆయనకు శిక్ష విధించగా, అదే ఏడాది నవంబరులో జాఫ్నా చెరసాలలో కన్నుమూశారు. అప్పుడు ధర్మపాలను ప్రభుత్వం కలకత్తాలో నిర్బంధించింది. తమ్ముని కడచూపు కూడా ఆయనకు దక్కలేదు. ధర్మరాజిక విహార నిర్మాణం ఆ నిర్బంధకాలపు కార్యమే.

తగిన విహారం నిర్మిస్తే బుద్ధధాతువును ఇస్తామని ప్రభుత్వం తెలిపింది. నిర్మాణం పూర్తయ్యాక, బెంగాల్ గవర్నర్ లార్డ్ రోనాల్డ్‌షే నుండి మహాబోధి సభ అధ్యక్షుడు సర్ ఆశుతోష్ ముఖర్జీ దానిని స్వీకరించారు.

ఇక్కడ భట్టిప్రోలు శాసనాలను గుర్తుచేయడం అవసరం. అలెగ్జాండర్ రీ 1892లో ఆ స్తూపగర్భం నుండి వెలికితీసిన మూడు ధాతుమంజూషలపై బ్రాహ్మీ లిపిలో దాతల పేర్లున్నాయి. కుబిరక రాజు ప్రస్తావన ఉన్నా, అధికభాగం సామాన్య గృహస్థుల పేర్లే. ఒకచోట నిగమ సభ్యుల పట్టిక ఉంది. నిగమమంటే వర్తక శ్రేణి అని పండితుల వ్యాఖ్య. మరొకచోట కురుని తండ్రి, కురుని తల్లి, కురుడు, శివుడు కలిసి మంజూషనూ స్ఫటిక కరండాన్నీ చేయించినట్లు ఉంది. తల్లిదండ్రులూ కుమారుడూ కలిసి చేసిన దానం అది. ఇరవై శతాబ్దాలు గడిచాక అదే స్తూపపు ధాతువు, తల్లిదండ్రులూ కుమారులూ కలిసి మోసిన మరొక ఉద్యమపు విహారంలో చేరింది.

భట్టిప్రోలు దాతలు తమ పేర్లను రాతిలో చెక్కించుకొన్నందువల్లనే మనకు తెలిశారు. ఆధునిక దాతల పేర్లు చిట్టాపుస్తకాలలో, ఇళ్లలోని పాత ఉత్తరాలలో ఉన్నాయి. కాగితం రాయివలె నిలువదు. తెలుగునాట బౌద్ధ పునరుజ్జీవనానికి స్థలమిచ్చిన, సత్రం నడిపిన, పత్రిక అచ్చువేయించిన కుటుంబాల వృత్తాంతాలను మన సంఘాలు సేకరించి ముద్రించాలని కోరుతున్నాము. ఉపాసకులు లేని సంఘం లేదు. వారి చరిత్ర రాయనిదే సంఘచరిత్ర పూర్తి కాదు.