పాత కుటుంబ ఛాయాచిత్రాలు: గుర్తింపుకు ఒక పద్ధతి

వంశ చరిత్రకు ఆధారాలంటే దస్తావేజులు, నికాహ్‌నామాలు, వక్ఫు పత్రాలు, సమాధి ఫలకాలు గుర్తుకు వస్తాయి. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల ఇళ్లలో గోడలకు వేలాడుతున్న, ట్రంకుపెట్టెల్లో మూలుగుతున్న ఛాయాచిత్రాలు కూడా ఆధారాలే. అయితే వాటిలోని మనుషులను గుర్తుపట్టగల పెద్దలు ఒక్కొక్కరే కన్నుమూస్తున్నారు. పేరు తెలియని బొమ్మ మౌనంగా ఉంటుంది. తప్పు పేరు తగిలించిన బొమ్మ మాత్రం అబద్ధం చెబుతుంది. ఆ అబద్ధమే రేపు వంశవృక్షంలోకి ఎక్కుతుంది.

ముందుగా స్థలాన్ని పరిశీలించాలి. వెనుక కనిపించే మేడలు, తోటలు చాలాసార్లు స్టూడియో తెరమీద గీసినవే. నేలపై నాపరాళ్లు కనిపించినంత మాత్రాన ఇల్లు తేలదు. బేతంచెర్ల రాయి ఈ సీమ అంతటా పరచుకున్నదే. ఆళ్లగడ్డకు రైలు మార్గం లేదు. కనుక ఆ ఊరి ఇంట్లో రైల్వే ప్లాట్‌ఫారం బొమ్మ దొరికితే, అది సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని నంద్యాలది కావచ్చు, వేరే ఊరిదీ కావచ్చు; పేరు పలక కనిపించేదాకా తీర్పు చెప్పరాదు. పెట్టెమీద 'ఎం. అండ్ ఎస్. ఎం.' అక్షరాలుంటే, ఆ రైల్వే కంపెనీ 1908లో ఏర్పడింది గనుక, చిత్రం అంతకు ముందుది కాజాలదు.

అట్టమీద అచ్చయిన స్టూడియో చిరునామా మరొక సాక్షి. ఈ ప్రాంతం 1953 అక్టోబరు 1 వరకు మద్రాసు రాష్ట్రంలో, తరువాత ఆంధ్ర రాష్ట్రంలో, 1956 నవంబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నది. పిన్‌కోడు వచ్చింది 1972లో. తాలూకాలు పోయి మండలాలు ఏర్పడింది 1985లో. నంద్యాల జిల్లా కేంద్రమయింది 2022లో. అయితే చేతివ్రాత సంగతి వేరు. అది బొమ్మ తీసిన ఎన్నో ఏళ్లకు వ్రాసినది కావచ్చు.

సంవత్సరాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వెనుక '1340' అని ఉన్నదనుకొందాం. అది హిజ్రీ అయితే 1921 సెప్టెంబరు నుండి 1922 ఆగస్టు వరకు. ఈ ప్రాంతపు రెవెన్యూ లెక్కల్లో వాడే ఫసలీ అయితే 1930 జూలై నుండి 1931 జూన్ వరకు. దాదాపు తొమ్మిదేళ్ల తేడా! ఒళ్లో ఉన్న పసివాడు అన్నా తమ్ముడా అన్నది ఈ లెక్కమీదనే తేలుతుంది.

బంధుత్వ పదాలు కూడా దారి చూపుతాయి. తెలుగులో 'తాత' అంటే తండ్రి తండ్రీ, తల్లి తండ్రీ. ఉర్దూలో 'దాదా', 'నానా' వేరు. ఉర్దూలో వ్రాసిన ఒక్క మాట ఏ వైపు బంధువో చెప్పేస్తుంది. తాత పేరు మనుమడికి పెట్టే ఇళ్లలో పేరు ఒక్కటే చాలదు. తండ్రి పేరు కూడా కావాలి.

హదీసు విద్వాంసులు ఒక మాటను స్వీకరించే ముందు, ఎవరు ఎవరి వద్ద విన్నారన్న పరంపరను, అంటే ఇస్నాద్‌ను, పరీక్షించేవారు. ఇంటి బొమ్మకూ ఈ పద్ధతి చెల్లుతుంది. ఎవరు గుర్తించారు, వారు ఆ వ్యక్తిని స్వయంగా చూశారా, విన్నారా, ఏ తేదీన చెప్పారు అన్నవి వేరే కాగితంపై వ్రాసి జతచేయాలి. ఇద్దరు పెద్దలను విడివిడిగా అడగాలి. మాటలు కలవకపోతే రెండూ వ్రాయాలి. 'నిశ్చయం', 'సంభావ్యం', 'తెలియదు' అన్న మూడు మాటలు చాలు. తెలియనిచోట ఖాళీ వదలడమే పూర్వీకులకు చేసే న్యాయం.