మౌంటు అధికారము: డిస్కు మీది యజమాని సంఖ్య

లైనక్స్ కంప్యూటరునకు బయటి హార్డ్ డిస్కును తగిలించినపుడు, లోపలి ఫైళ్లన్నియు కంటికి కనబడుచున్నను, క్రొత్తదానిని వ్రాయబోగానే అనుమతి లేదను ప్రత్యుత్తరము వచ్చుట పలువురకు అనుభవమే. డిస్కు చెడినదని కొందరును, తీగ వదులైనదని కొందరును తలంతురు గాని, ఆ నిరాకరణమునకు మూలము యంత్రభాగములలో లేదు. అర్ధశతాబ్దికి పూర్వము అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రమందలి మరే హిల్‌లో, బెల్ ప్రయోగశాలయందు కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్‌ను నిర్మించుచు చేసిన రెండు నిర్ణయములలో నున్నది.

మొదటిది మౌంటు. ఏ ఫైలు ఏ డిస్కుపై నున్నదో వాడుకరి విచారింప నక్కరలేకుండ, సమస్తమును ఒకే మూలమునుండి శాఖోపశాఖలుగా విస్తరించిన వృక్షముగా గోచరింపవలెనని సంకల్పించి, వచ్చిన డిస్కును ఆ వృక్షమునందలి యొక డైరెక్టరీ కడ అంటుకట్టు విధానమును వారు కల్పించిరి. 1971 నవంబరు నాటి యూనిక్స్ మొదటి కరదీపికయందే మౌంటు ఆజ్ఞ కలదు. 1974లో వారిరువురు ప్రకటించిన వ్యాసమునుబట్టి, వాడుకరులు తమ తమ డిస్కు ప్యాకులను తెచ్చి మౌంటు చేసికొనుటకు నాలుగు చిన్న డ్రైవులు ప్రత్యేకముగా నుండెడివని తెలియుచున్నది. చేతబట్టుకొని తిరుగు డిస్కు యుఎస్‌బి కాలపు వింత గాదు. యూనిక్స్ బాల్యమునుండియు నున్నదే.

రెండవది యాజమాన్యము. ఒక్క యంత్రమును పలువురు పంచుకొను కాలమది. ఒకరి ఫైలును వేరొకరు చెరుపకుండ, ప్రతి వాడుకరికి నొక సంఖ్యను కేటాయించి, ఫైలు వివరములుండు ఐనోడ్‌లో ఆ సంఖ్యను లిఖించిరి. పేరు యంత్రమునందలి పాస్‌వర్డ్ ఫైలులో నిలిచిపోవును. సంఖ్య డిస్కుతో ప్రయాణించును. యజమానికి మూడు, ఇతరులకు మూడు అనుమతి బిట్లు గాక, ఏడవదియొకటి రిచీ కల్పించెను. దానికాయనకు పేటెంటు లభించినది. ఆ బిట్టు గల ప్రోగ్రామును ఎవరు నడిపినను అది తన యజమాని అధికారముతో నడచును. అద్భుతమైన ఈ కల్పనయే బయటి డిస్కును శంకనీయము చేసినది. ఏలయన, పొరుగు యంత్రమున సర్వాధికారియగు రూట్ పేర అట్టి ప్రోగ్రామును వ్రాసికొని వచ్చినవాడు దానిని ఇచట స్వేచ్ఛగా మౌంటు చేయగలిగినచో, క్షణములో ఈ యంత్రమునకంతకు ప్రభువు కాగలడు. కాలక్రమమున మౌంటు అధికారము రూట్‌నకే పరిమితమగుటలో ఆశ్చర్యము లేదు.

1991లో హెల్సింకీ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లైనక్స్ ఈ రెండు నిర్ణయములను స్వీకరించెను. ఎఫ్‌స్టాబ్ అను మౌంటు పట్టికా ఫైలులో యూజర్ అను మాట చేర్చినచో సామాన్యుడును ఆ డిస్కును మౌంటు చేయవచ్చును గాని, దానివెంటనే, పైని చెప్పిన ఏడవ బిట్టును పనిచేయనీయని నోసూయిడ్, ఇంకను నోడెవ్, నోఎగ్జెక్ అను మూడు నిషేధములు వచ్చి చేరును.

అసలు తికమక ఫ్యాట్‌ అను ఫైళ్ల పద్ధతితో వచ్చినది. 1977లో మైక్రోసాఫ్ట్ సంస్థలో పుట్టిన ఈ పద్ధతియందు యజమానికి చోటే లేదు. లేని యజమానిని కర్నెల్ కల్పించుకొనవలసియుండుటచే, మౌంటు చేసినవానినే సమస్తమునకు యజమానిగా చూపును. రూట్ మౌంటు చేసిన డిస్కుపై సామాన్యుడు వ్రాయజాలకపోవుట ఇందువలననే. అచట అనుమతులను మార్చు సీహెచ్‌మోడ్ ఆజ్ఞను ఎన్నిమార్లు ప్రయోగించినను వ్యర్థము, ఆ మార్పును భద్రపరచు తావు డిస్కులో లేదు గనుక. మౌంటు వేళనే యజమాని సంఖ్యయగు యూఐడీ, అనుమతులను నిర్ణయించు యూమాస్క్‌లను చెప్పవలెను. ఎన్‌టీఎఫ్‌ఎస్ అను విండోస్ పద్ధతి కథ వేరు. 2007లో ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ అను డ్రైవరు స్థిరరూపము వెలువడువరకు లైనక్స్‌నుండి దానిపై నిర్భయముగా వ్రాయుట దుర్లభము. నేటికిని, విండోస్ పూర్తిగా ఆరక నిద్రావస్థలో విడిచిన డిస్కును ఆ డ్రైవరు చదువుటకు మాత్రమే మౌంటు చేయును. అది అనుమతిలోపమువలె కనబడును గాని కాదు.

డెస్క్‌టాపు వాడుకరి కోరునది మాత్రము తగిలించుట, తెరచుట. ఇందుకై 2004లో ఫైళ్ల వ్యవస్థ ప్రమాణములలో మీడియా డైరెక్టరీ చేరెను; పీమౌంట్, హాల్ మొదలైన సాధనములు వచ్చి, పిమ్మట యూడిస్క్స్, పోల్‌కిట్‌లకు చోటిచ్చెను. కంప్యూటరు ఎదుట కూర్చున్నవాడు తగిలించిన డిస్కును, పోల్‌కిట్ సమ్మతిపై, యూడిస్క్స్ వాని పేర మౌంటు చేయును. ఫ్యాట్ డిస్కులు ఇందుచే సుఖముగా తెరచుకొనును. లైనక్స్ సొంత పద్ధతియగు ఎక్స్‌ట్4 డిస్కు మాత్రము తన సంఖ్యలను తాను మోసికొనియే వచ్చును. 2011లో వెలువడిన ఫెడోరా 16కు పూర్వము ఆ వ్యవస్థలో మొదటి వాడుకరి సంఖ్య 500. డెబియన్‌లో అది 1000. కావున అదే మనిషి, అదే డిస్కు, అదే పేరు, అయినను పరాయివాడే.

ఇట్టి తరుణమున డిస్కునంతటిని, ఎల్లరకు సర్వానుమతుల నిచ్చు 777గా మార్చివేయుడని సలహా యిచ్చుట నాకు బాధాకరముగా తోచును. ఎల్‌ఎస్ ఆజ్ఞకు ఎన్ అక్షరమును చేర్చి చూచినచో ఫైళ్లమీద ఏ సంఖ్య యున్నదో తెలియును. అది తెలిసిన పిమ్మట, సొంత డిస్కైనచో యాజమాన్యమును ఒక్కసారి మార్చుకొనుట చాలును. పలు యంత్రములమధ్య తిరుగు డిస్కునకు మాత్రము ఈ మార్పు ప్రతిచోటను మరల చేయవలసివచ్చును. 2021లో లైనక్స్ 5.12తో వచ్చిన ఐడీమ్యాప్డ్ మౌంట్లు ఈ చిక్కును విప్పినవి: డిస్కుమీది సంఖ్యలు చెక్కుచెదరవు, మౌంటు వేళ కర్నెల్ వానిని ఈ యంత్రపు సంఖ్యలకు సరిపుచ్చును. తన హోమ్ డైరెక్టరీని వెంట గొనిపోవువానికి, అంతకుముందు ప్రతి ఫైలు యాజమాన్యమును ఒక్కొక్కటిగా మార్చుచు వచ్చిన సిస్టమ్‌డీ-హోమ్‌డీ, అదే సంవత్సరాంతమున ఈ పద్ధతిని అవలంబించెను.