జూలై ఒకటో తేదీ పిల్లలు

మన హైస్కూలు అడ్మిషన్ రిజిస్టరులో 1974 నాటి పేజీలు తీసి చూడండి. ఆ ఏడాది ఆరో తరగతిలో చేరినవాళ్లలో చాలామందికి పుట్టిన తేదీ ఒకటే, 1-7-1964. ఆ రోజుల్లో పల్నాటి పల్లెల్లో పిల్లల పుట్టుక రాయించుకున్న ఇల్లు అరుదు. ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు పంతులుగారు వయసు అడిగితే మా అమ్మలు తమకు తెలిసిన గుర్తులు చెప్పారు. "నెహ్రూ పోయిన ఏడు పుట్టాడండీ" అంది ఒకామె. "సాగర్ నీళ్లు వదిలేనాటికి వీడికి నడక బాగా వచ్చింది" అంది ఇంకొకామె. నెహ్రూ పోయింది 1964 మేలో. సాగర్ కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టులో. పంతులుగారు మనసులో లెక్క కట్టుకుని, బడిలో చేరేనాటికి అయిదేళ్లు నిండేలా ఒక తేదీ వేసేశారు.

ఆ తేదీ హైస్కూలు రిజిస్టరుకు వచ్చింది, పదో తరగతి సర్టిఫికెట్‌కు ఎక్కింది. ఉద్యోగాలు వచ్చినవాళ్లకు సర్వీసు రిజిస్టరులోనూ అదే పడింది. ఒకటో తేదీన పుట్టిన ఉద్యోగి అంతకుముందు నెల ఆఖరి రోజున పదవీ విరమణ చేయాలన్నది నిబంధన. కాబట్టి మా బ్యాచ్ ఉద్యోగులందరికీ వీడ్కోలు సభ జూన్ 30నే.

వజ్రోత్సవ సంచికకు 1979 బ్యాచ్ తరఫున ఒక వ్యాసం కావాలని కమిటీ వారు అడిగారు. ఎవరెవరు ఏ హోదాలో రిటైరయ్యారో రాస్తే చాలన్నారు. రాయవచ్చు, అరపేజీలో అయిపోతుంది. మా తరగతిలో నలభై మందిమి దాకా ఉండేవాళ్లం. నెల జీతం, పింఛను ఉన్న ఉద్యోగాల్లోకి వెళ్లినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది. మిగిలినవాళ్లూ ఈ బడి బల్లల మీదే కూర్చున్నారు, ఈ బావి నీళ్లే తాగారు. వాళ్లు లేకుండా రాస్తే అది మా తరగతి చరిత్ర కాదు. అందుకే ఇంటింటికీ వెళ్లి, దూరాన ఉన్నవాళ్లతో ఫోన్లో మాట్లాడి ఇది రాస్తున్నాను.

ముందు ఉద్యోగుల సంగతి. ఒకే తేదీన పుట్టినట్టు రాసి ఉన్నా అందరం ఒక్కసారి దిగిపోలేదు. నాది బ్యాంకు. మాకు అరవై ఏళ్లు, 2024 జూన్‌లో బయటికొచ్చాను. రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసిన మిత్రుడు కూడా అదే రోజున రిటైరయ్యాడు. మా తరగతి నుంచి బి.ఇడి. దాకా చదివిన ఆడపిల్ల ఒక్కతే. ఖమ్మం సంబంధం చేసుకుని అక్కడే డీఎస్సీలో టీచరయింది. తెలంగాణలో 2021లో వయసును 61కి పెంచారు కాబట్టి ఆమె 2025 జూన్ దాకా పాఠం చెప్పింది. ఇక్కడ నరసరావుపేట దగ్గర సోషల్ మాస్టరుగా ఉన్న మావాడికి ఇంకా ఉద్యోగం ఉంది. వాడు చేరిననాటి లెక్క 58 ప్రకారమైతే 2022లో దిగాలి. 2014లో 60 అయింది, 2022 జనవరి నుంచి 62 అయింది. అట్లా ఈ జూన్ 30 వచ్చింది. బడి 12న తెరుస్తారు. కొత్త పుస్తకంలో మొదటి పాఠం మొదలుపెట్టి, అది పూర్తయ్యేలోపే సెలవు తీసుకోవాలి. "తొమ్మిదో తరగతి పిల్లల పేర్లన్నీ పట్టుబడేసరికి వెళ్లిపోవాలిరా" అని వాడు అన్నప్పుడు గొంతు మారింది.

వయసు పెంచితే ఇట్లా ఉంది. తగ్గించిన రోజులు కూడా మన బడి చూసింది. 1983 ఫిబ్రవరిలో పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గిస్తూ ఉత్తర్వులు వచ్చాయి. 55 దాటినవాళ్లందరూ ఆ నెల 28న ఇంటికి. పబ్లిక్ పరీక్షలు దగ్గరపడ్డ సమయం. మాకు లెక్కలు చెప్పిన మాస్టారూ అందులో ఉన్నారు. కూతురి పెళ్లి కుదుర్చుకుని, ఇల్లు సగం కట్టి ఉన్నారు. ఆ తర్వాత కూడా రోజూ సాయంత్రం తన ఇంటి అరుగు మీద పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పారు, పరీక్షలు అయ్యేదాకా. ఒక్క రూపాయి తీసుకోలేదు. తర్వాత ప్రభుత్వం మళ్లీ 58కి మార్చింది గానీ ఆయన అరుగు మానలేదు. ఈ సంచికలో ఎవరి గురించైనా పూర్తి పేజీ వేయాలంటే ఆయన గురించి వేయాలని నా మనవి.

సైన్యంలోకి వెళ్లినవాడు ఒకడున్నాడు. ఇంటర్ తప్పాక 1982లో సిపాయిగా చేరాడు. పదిహేడేళ్ల సర్వీసు చేసి, కార్గిల్ యుద్ధం జరిగిన ఏడాదే పింఛనుతో వచ్చాడు. అప్పటికి వాడికి ముప్పై అయిదు. అంత చిన్న వయసులో ఎవరూ ఊరికే కూర్చోలేరు గదా, ఒక బ్యాంకులో గార్డుగా చేరి అక్కడా అరవై దాకా చేశాడు. మా అందరిలో రెండుసార్లు రిటైరైంది వాడే. ఇప్పుడు తెల్లవారుజామున మన బడి మైదానంలో కుర్రాళ్లతో పరుగు తీయిస్తున్నాడు. పోలీసు, ఆర్మీ సెలక్షన్లకు వెళ్లే పిల్లలు వాళ్లు.

ఇక సేద్యం చేసేవాళ్లు. మా తరగతిలో ఎక్కువమంది వీళ్లే. సాగర్ కుడి కాలువ కింద భూములున్న ఇళ్ల పిల్లలు పది పాసయినా తప్పినా నాగలి వైపే వెళ్లారు. మొన్న ఫిబ్రవరిలో మూడో బెంచీ మిత్రుణ్ణి చూడడానికి వెళితే కల్లంలో ఉన్నాడు. తేజ రకం మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. గొడుగు కింద నలుగురు ఆడవాళ్లు కూర్చుని తాలు ఏరుతున్నారు. రంగు తేలిపోయి తెల్లబడ్డ కాయ తాలు. అది కలిస్తే గుంటూరు యార్డులో ధర కోస్తారు. మావాడు కాయల మధ్య నడుస్తూ కాళ్లతో వాటిని తిరగేస్తున్నాడు. వంగి ఒక కాయ తీసి చెవి దగ్గర పెట్టి ఊపాడు. లోపల గింజ గలగలలాడితే ఎండినట్టు. నాలుగు కాయలు ఊపి, "ఇంకో రెండెండలు పడాల" అన్నాడు.

వాడిది రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. 2021-22లో నల్ల తామర పురుగు పడినప్పుడు పూతంతా రాలిపోయింది. ఆ ఏడాది అప్పు ఇప్పటికీ కొంత ఉంది. 2023లో క్వింటా ఇరవై వేలు దాటిన కాయ, 2025 మొదట్లో సగానికి పడింది. అప్పుడు కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు లెక్కగట్టింది. కోత కూలి, మందుల ఖర్చు, కౌలు పోతే ఆ ధరకు ఏం మిగులుతుందో మిరప వేసినవాళ్లకు తెలుసు. కొడుకు హైదరాబాదులో కంపెనీ ఉద్యోగి. వచ్చి ఉండమని పిలుస్తాడు. "ఈ అప్పు తీరేదాకా ఈడ్నే" అంటాడు మావాడు. నడుం నొప్పికి బెల్టు కట్టుకుని ఉన్నాడు. వాడికీ నాకూ రిజిస్టరులో తేదీ ఒకటే. నాకు నెలనెలా పింఛను జమవుతుంది. వాడు ఈ ఏడాది కూడా ఖరీఫ్‌కు విత్తనం మాట్లాడుకున్నాడు. ఈ తేడాకు కారణం వాడు చదువులో నాకంటే వెనకబడి ఉండడం కాదు, మా నాన్నకు పొలం లేకపోవడం. నాకు చదువు తప్ప వేరే దారి లేదు. వాడు ఎనిమిదో తరగతి దాకా లెక్కల్లో నాకంటే ముందుండేవాడు.

పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పనిచేసినవాళ్లు ఇద్దరు. ఇద్దరికీ ఊపిరి సరిగా ఆడదు. లారీ కొని, నష్టపోయి, మళ్లీ డ్రైవరుగానే మిగిలినవాడు ఒకడు. ఊళ్లో టీ కొట్టు నడిపేవాడు ఇంకొకడు. 2021 మేలో కరోనా మాలో ముగ్గుర్ని తీసుకుపోయింది. వాళ్లలో ఒకడు మా బ్యాచ్ సమ్మేళనం పెట్టాలని రెండేళ్లపాటు అందరి నంబర్లూ సేకరించినవాడు. వాడు రాసి పెట్టిన నోటు పుస్తకం వల్లే నేను ఇప్పుడు ఇంతమందిని పట్టుకోగలిగాను.

ఆడపిల్లల సంగతి రాయడం కష్టంగా ఉంది. ఆరో తరగతిలో పన్నెండు మంది. పదో తరగతి పరీక్ష రాసింది నలుగురు. రిజిస్టరులో చివరి గడిలో బడి మానిన కారణం రాసేవారు. చాలా పేర్ల ఎదుట ఒకే మాట, "హాజరు లేనందున పేరు తీసివేయడమైనది". ఎందుకు రాలేదో ఎవరూ రాయలేదు. పత్తి తీతకు వెళ్లారు, తమ్ముళ్లను ఎత్తుకున్నారు, పెళ్లిళ్లయ్యాయి. అట్లా ఏడో తరగతిలో పేరు పోయినావిడ ఒకరు కిందటి ఏడాది బడికి వచ్చారు. ఆధార్‌లో ఆమె వయసు నాలుగేళ్లు తక్కువ పడింది. రాయించుకున్న రోజున ఎవరో చూపుకు తోచింది వేసేశారు. దాంతో అరవై నిండినా వృద్ధాప్య పింఛనుకు వయసు చాలలేదు. నెలకు నాలుగు వేలు. ఆమె ఇప్పటికీ మిరప కోతకు వెళుతున్న మనిషి. "నా వయసు రాసిన పుస్తకం ఈడ ఉంటదంట గదా అన్నా, చూసి చెప్పవా" అని నన్ను అడిగింది. ఇప్పటి హెడ్మాస్టరు గారు బీరువాలోంచి పాత రిజిస్టరు తీశారు. అట్ట ఊడిపోయింది, అంచులు చెదలు కొట్టాయి, సిరా మాత్రం చెదరలేదు. ఆమె పేరు, ఆమె నాన్న పేరు, 1-7-1964. ఆమె ఆ వరస మీద వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. హెడ్మాస్టరు గారు నకలు తీసి సంతకం చేసి ఇచ్చారు. దిద్దుబాటు ఇంకా కాలేదు, తిరుగుతూనే ఉన్నాం. అయ్యేదాకా వదలను.

ఆ పాత రిజిస్టర్లు మనకున్న ఆస్తి. వాటిని స్కాన్ చేయించి పెట్టాలి. వజ్రోత్సవ నిధిలోంచి ముఖద్వారం ఆర్చికి పెడుతున్న డబ్బులో పదో వంతు చాలు దీనికి. మా బ్యాచ్ వాటా మేం దీనికే ఇస్తామని కమిటీకి చెప్పాం.

ఖమ్మం టీచరమ్మ ఇప్పుడు డల్లాస్‌లో కూతురి దగ్గర ఉంది. మనవణ్ణి చూసుకుంటూ ఆర్నెల్లు. వచ్చాక ఒక పని ఒప్పుకుంది. ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది గదా. ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలు రాస్తారు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. మా ఊరి ఇళ్లలో ఆడపిల్లను బడి మాన్పించకుండా ఆపడానికి ఆ డబ్బు చాలావరకు సరిపోతుంది. స్టేషన్ మాస్టరు మిత్రుడూ నేనూ శని, ఆదివారాల్లో దీనికి పిల్లల్ని తయారు చేస్తున్నాం. మానసిక సామర్థ్య పేపరు వాడిది, లెక్కలు నావి. జూలై నుంచి సోషల్ చెప్పడానికి మావాడు ఎట్లాగూ ఖాళీ అవుతాడు. అందాకా ఫోన్లోనైనా పాఠాలు చెబుతానని టీచరమ్మ అంటోంది. సైన్సుకు మనిషి లేరు. మన బడిలో చదివి, నరసరావుపేట చుట్టుపక్కల ఉన్న ఏ బ్యాచ్ వాళ్లయినా శనివారం మధ్యాహ్నం రెండింటికి వస్తే చాలు. తొమ్మిదో నంబరు గది తాళం నా దగ్గరే ఉంటుంది.