పోస్టు కాని ఖత్‌లు

1942 ఆగస్టు 9న బొంబాయిలో అరెస్టు చేసిన మౌలానా ఆజాద్‌ని అహ్మద్‌నగర్ ఖిలాలో ఖైదు చేశారు. అక్కడ ఆయన ఫజర్‌కి ముందే లేచి, తన చాయ్ తనే కాచుకుని, దోస్త్ హబీబుర్ రహ్మాన్ ఖాన్ షేర్వానీకి ఖత్‌లు రాసేవారు. అవి పోస్టు కావని తెలిసీ రాశారు. చాయ్ రుచి గురించి, గదిలో గూడు కట్టిన పిచ్చుకల గురించి కూడా రాశారు. ఒక పిచ్చుకకి ఖలందర్ అని పేరు పెట్టుకున్నారు.

1943 ఏప్రిల్‌లో కలకత్తాలో ఆయన బేగం జులేఖా ఇంతిఖాల్ అయ్యారు. బీమారీ ఖబర్ ముందే అందింది. అయినా చూసి రావడానికి ఇంగ్రేజు హుకూమత్‌కి దరఖాస్తు పెట్టుకోలేదు. రోజువారీ పనుల్లో ఫరక్ రానివ్వలేదు. ఆ తర్వాత రాసిన ఖత్‌లో మాత్రం, పైకి చూపిన ఆ నిబ్బరం దిఖావాయేనని దోస్త్‌కి చెప్పుకున్నారు.

1946లో ఆ ఖత్‌లు 'గుబారె ఖాతిర్' పేరుతో కితాబుగా వచ్చాయి. గుబార్ అంటే దుమ్ము, ఖాతిర్ అంటే మనసు. మన పిల్లలకు ఆజాద్ అంటే దేశపు తొలి విద్యామంత్రి. బేగం ఆఖరి దీదార్‌కి నోచుకోని ఆ షౌహర్‌ని కూడా వాళ్లకు పరిచయం చేద్దాం.