మంచం పక్కన మనిషి: నిజాంసాగర్ ప్రాంతంలో ఇంటి సంరక్షకులు, ప్రభుత్వ ఆసరా

వృద్ధాప్యం వల్లనో, పక్షవాతం వల్లనో, పుట్టుకతో వచ్చిన వైకల్యం వల్లనో మంచాన పడ్డ మనిషికి కూలి ఆశించకుండా తిండి పెట్టి, ఒళ్లు తుడిచి, ఆసుపత్రికి తీసుకుపోయే కుటుంబసభ్యులే ఇంటి సంరక్షకులు. 1923-31 మధ్య మంజీరపై ఆనకట్ట కట్టి సాగునీటి భారాన్ని రాజ్యమే తలకెత్తుకున్న నిజాంసాగర్ ప్రాంతంలో, ఈ చాకిరీ మాత్రం తరతరాలుగా ఇంటి ఆడవాళ్ల వంతుగానే మిగిలింది.

1995 ఆగస్టు 15న మొదలైన జాతీయ వృద్ధాప్య పింఛను పేద ముసలివారిని గుర్తించింది. ఆటిజం, మస్తిష్క పక్షవాతం, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసం 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం, తల్లిదండ్రులనో బంధువులనో చట్టబద్ధ సంరక్షకులుగా నియమించే వీలు కల్పించింది గాని, వారి శ్రమకు వెల కట్టలేదు. 2007లో ఆరోగ్యశ్రీ రావడంతో పెద్ద జబ్బుల ఆసుపత్రి ఖర్చు నుంచి పేద కుటుంబాలకు నిజమైన ఊరట దొరికింది; అయితే శస్త్రచికిత్స తర్వాత రోగి ఇంటికి చేరాకే సంరక్షకురాలి పని మొదలవుతుంది. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, గొట్టం శుభ్రం చేయాలి, వేళకు మందు వేయాలి. కామారెడ్డి, నిజామాబాదు పల్లెల్లో చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుట్టే స్త్రీకి వెయ్యి బీడీల లెక్కన కూలి ముడుతుంది కాబట్టి, చాట పక్కన పెట్టి లేచిన ప్రతిసారీ ఆ కూలి తరుగుతుంది.

తెలంగాణ ఏర్పడ్డాక 2014 నవంబరులో వచ్చిన ఆసరా పథకం వికలాంగులకు నెలకు 1500 రూపాయలతో మొదలై, 2019లో 3016కు, 2023లో 4016కు పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి పక్షవాతంతో మంచానికి పరిమితమైనవారికి 15,000 ఇస్తున్నారు. ఇవన్నీ రోగి పేరున వచ్చేవే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, జీతం లేకుండా చూసుకునే కుటుంబసభ్యులను కూడా సంరక్షకుల నిర్వచనంలో చేర్చి, అధిక సహాయం అవసరమైన వికలాంగులకు సంరక్షక భృతి ఇవ్వాలన్నది. కాని ప్రభుత్వ ఆర్థిక స్తోమత మేరకు అన్న షరతు ఆ మాటను బలహీనపరిచింది. కేరళ ఆశ్వాసకిరణం పథకం నెలకు 600 రూపాయలను నేరుగా సంరక్షకులకే కేటాయించింది; మొత్తం చిన్నదే అయినా, ఎవరికి ఇవ్వాలన్న విషయంలో అదే సరైన దారి. బ్రిటన్‌లో సైతం 1976లో మొదలైన సంరక్షక భృతి పెళ్లయిన స్త్రీలకు 1986 దాకా దక్కలేదు. ఇంటి సేవ వారి విధి అన్న నమ్మకం అక్కడా అంత బలంగానే ఉండేది.

2023లో కామారెడ్డికి ప్రభుత్వ వైద్య కళాశాల రావడంతో నిపుణుల వైద్యం ఈ ప్రాంతానికి దగ్గరైంది. అయినా నిజాంసాగర్ మండలంలోని సంరక్షకురాలు తన నడుము నొప్పి చూపించుకోవడానికి అక్కడికి వెళ్లాలంటే, ఆ పూట రోగి దగ్గర కూర్చునే మనిషిని ఈ పింఛన్లలో, పథకాల్లో ఏదీ పంపదు.