నీళ్లు తక్కువ, గాలి మంచిది: నేను చూసిన మదనపల్లె

హైదరాబాదులో పుట్టి పెరిగిన నేను 1980 జూన్‌లో మన బడిలో ఎనిమిదో తరగతిలో చేరాను. నాన్నగారిది బదిలీల ఉద్యోగం కావడంతో నన్ను హాస్టల్లో ఉంచారు. అప్పట్లో ఈ ఊరు నా కంటికి ఎలా కనబడిందో స్వర్ణోత్సవ సంచికకు రాయమని మిత్రులు అడిగారు. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాను. ముప్పై ఏళ్లుగా నీటి పంపులతో పనిచేస్తున్న ఇంజనీరును. అందుకే ఊరి చరిత్రను నీళ్ల వైపు నుంచి చెప్పడం నాకు సులువు.

మొదటి వింత రైల్వే స్టేషన్. మీటర్ గేజ్ రైలు దిగితే బోర్డు మీద 'మదనపల్లె రోడ్' అని ఉంది. ఊరు అక్కడికి ఇంకా పది కిలోమీటర్ల పైనే. రెండో వింత చల్లదనం. జూన్ నెల రాత్రి దుప్పటి కప్పుకోవడం అదే మొదటిసారి. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఊరని తర్వాత తెలిసింది. మూడోది నీళ్లు. స్నానానికి మనిషికి రెండు బకెట్లని లెక్క. గండిపేట నీళ్లు తాగి పెరిగినవాడికి ఆ లెక్క కొత్త. ఊళ్లో బాహుదా నది ఉందని విని చూడబోతే ఇసుక కనబడింది.

మాటలు కూడా కొత్తగానే ఉండేవి. మా తాతగారి పల్లెలో మోట అనేదాన్ని ఇక్కడ కపిల అనేవారు. చెరువు నిండితే మావాళ్లు మత్తడి దుంకిందంటారు, ఇక్కడివాళ్లు మొరవ పోయిందంటారు. రాగి సంగటిలో చెనక్కాయల ఊరుబిండి నంజుకోవడం ఒక వారంలో అలవాటైంది. 'హైదరాబాదోడు' అన్న పేరు మాత్రం పదో తరగతి దాకా వదల్లేదు.

మా సోషల్ మాస్టారు పాఠం చెబుతూ, "మీ నిజామే కదప్పా మమ్మల్ని కంపెనీకి రాసిచ్చింది" అని నన్ను ఆటపట్టించేవారు. ఆ మాటలో నిజముంది. మైసూరు యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన ఈ ప్రాంతాన్ని నిజాం 1800లో సైన్యం ఖర్చు కింద ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. అలా దత్త మండలాలన్న పేరొచ్చింది. ఆ పేరు నచ్చక 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ అన్న పేరు సూచించారు. మదనపల్లె 1911 దాకా కడప జిల్లాలోనే ఉండేది. చిత్తూరు జిల్లా ఏర్పడ్డాక అందులో చేరింది.

హైదరాబాదుకు గండిపేట చెరువు రావడానికి కారణం నీళ్లు ఎక్కువ కావడం. 1908లో మూసీ వరద ఊరిని ముంచాక ఆ ఆనకట్ట కట్టి 1920లో పూర్తిచేశారు. మదనపల్లె కథ దీనికి ఎదురుగా నడిచింది. నీళ్లు తక్కువైన నేల మీద గాలి పొడిగా ఉంటుంది. క్షయకు మందులేని రోజుల్లో పొడిగాలి, విశ్రాంతి, మంచి తిండి, ఇవే వైద్యం. అందుకే మిషనరీ సంఘాలు కలిసి 1915లో ఇక్కడ క్షయ ఆసుపత్రి తెరిచాయి. అదే మన ఆరోగ్యవరం. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నిలబెట్టారు. 1948లో మన దేశంలో బీసీజీ టీకా మొదలైంది కూడా మదనపల్లెలోనే. ఈనాడు పుట్టిన ప్రతి బిడ్డకూ వేసే టీకా అది.

ఆసుపత్రి తెరిచిన 1915లోనే థియోసాఫికల్ కళాశాల కూడా వచ్చింది. దక్షిణాది పర్యటనలో ఉన్న రవీంద్రనాథ్ ఠాగూర్ 1919 ఫిబ్రవరిలో అక్కడ బసచేసి జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించారు. ప్రిన్సిపాల్ కజిన్స్ సతీమణి మార్గరెట్ దాని స్వరాలు రాసిపెట్టారు.

గాలి ఊరికి పేరు తెచ్చింది గానీ, నీళ్ల కొరతను భరించింది రైతులే. మొదటి దసరా సెలవులకు ఒక హాస్టల్ మిత్రుడు నన్ను వాళ్ల పల్లెకు తీసుకెళ్లాడు. వాళ్ల బావి మీద కపిల రాళ్లు ఇంకా ఉన్నాయి, ఎద్దుల పని అప్పటికే ఆయిల్ ఇంజను చేస్తోంది. బావిలో నీళ్లు పైనుంచి కనబడేవి. మేం అందులోనే ఈత నేర్చుకున్నాం. తర్వాత కరెంటు మోటార్లు వచ్చాయి, ఆ తర్వాత బోర్లు. వరికి నీళ్లు చాలక టమోటా పెరిగింది. ఇప్పుడు మదనపల్లె టమోటా మార్కెట్ దేశంలోని పెద్దవాటిలో ఒకటి. ఆ పంటా బోరు మీద ఆధారపడిందే. ఇక్కడ అడుగున ఉన్నది గట్టి రాయి. పగుళ్లలో ఉన్నంతే నీరు. వాన లేని ఏడు పక్కవాడు ఇంకా లోతుకు దింపితే మనదీ దింపాలి.

నా వృత్తి లెక్క ఒకటి చెబుతాను. వెయ్యి లీటర్ల నీళ్లను 300 మీటర్ల లోతు నుంచి పైకి తేవాలంటే, పంపు నష్టాలు కలుపుకుని, ఒక యూనిట్ పైనే కరెంటు కావాలి. పది మీటర్ల బావికైతే దాంట్లో ముప్పయ్యో వంతు చాలు. నా మిత్రుడి కుటుంబం ఈ లెక్క చేనులో నేర్చుకుంది. బావి ఎండింది. వరుసగా వేసిన బోర్లలో చాలావాటికి దుమ్మే లేచింది. అప్పులకు భూమి పోయింది. అతను బెంగళూరు వెళ్లిపోయాడు. మన సంఘం చిరునామాల పుస్తకంలో బెంగళూరు ఇన్నిసార్లు కనబడటం వెనక చదువు, ఉద్యోగాలతోపాటు ఎండిన బావులూ ఉన్నాయి.

ఇప్పుడు హంద్రీనీవా కాలువ ద్వారా కృష్ణా నీళ్లు శ్రీశైలం జలాశయం నుంచి ఎన్నో పంపులెక్కి ఈ వైపు వచ్చాయి. సంతోషమే. అంత దూరం నుంచి ఎత్తి తెచ్చిన నీళ్లను పూడిక నిండిన చెరువుల్లో పోస్తే ఎంత నిలుస్తుందో మనమంతా అడగాల్సిన ప్రశ్న.

మన సంఘానికి ఒక మనవి. ఈ పల్లెల నుంచి వచ్చిన పూర్వ విద్యార్థులు వందల్లో ఉన్నారు. ప్రతి ఒక్కరూ తమ ఇంటి బావి లోతు, అది ఎండిన సంవత్సరం, వేసిన బోర్ల సంఖ్య, వాటి లోతు, ఊరి చెరువు చివరిసారి మొరవ పోయిన ఏడాది ఒక కాగితం మీద రాసి పంపితే చాలు. వాటిని పటం మీద గుర్తించి పట్టిక కట్టే పని నేను చేస్తాను. ఆ వివరాలు తెలిసిన పెద్దలు ఇంకా మన ఇళ్లలో ఉన్నారు. ఈ సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు వాళ్లను అడగండి.